రాత్రికి ఏం వండాల?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో మామూలు రోజు రాత్రి భోజనానికి భాగాలు రెండే. ఒకటి కడుపు నింపేది. రెండోది దాన్ని గొంతు దింపేది. కడుపు నింపేది సంగటి కావచ్చు, అన్నం కావచ్చు, దోసె కావచ్చు. గొంతు దింపేది పప్పు కావచ్చు, పులుసు కావచ్చు, చారు కావచ్చు, ఊరిబిండి కావచ్చు. పండక్కి పది రకాలు చేసే ఇల్లాలు కూడా మంగళవారం రాత్రి ఈ రెండింటితోనే సరిపెడుతుంది. ఇంట్లో ఎవరూ దాన్ని తక్కువ అనుకోరు.

ఈ రెండు భాగాల వెనక ఇంకో లెక్క ఉంది. అది పూటల లెక్క. ఏ పూట వండింది ఏ పూటకు రావాలి అన్న లెక్క. గత నలభై ఏళ్ళలో చిత్తూరు సీమ వంటింట్లో అన్నిటికన్నా ఎక్కువగా మారింది ఈ లెక్కే. ఒకప్పుడు రాత్రి వండి, మిగిలింది పొద్దున తినేవాళ్ళు. ఇప్పుడు పొద్దున వండి, మిగిలింది రాత్రి తింటున్నారు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే, ఈ ప్రాంతంలో రాత్రి కంచంలోకి ఏది వస్తుందో, ఎందుకు వస్తుందో సులువుగా అర్థమవుతుంది.

ముందుగా పాత పద్ధతి. చిత్తూరు సీమలో ఎక్కువ భాగం మెట్ట. ఎర్రనేలలు. వాన పడితే పంట, లేకపోతే లేదు. చెరువు కిందో, బావి కిందో కాస్త వరి. మిగిలిన చేలల్లో రాగి, సజ్జ, ఉలవ, కంది, అనప, అన్నిటికన్నా మించి చెనిక్కాయ, అంటే వేరుశనగ. వరి బియ్యం పండగకీ, చుట్టం వచ్చిన రోజుకీ. రోజూ తినేది రాగి సంగటి. మనుషులు పగలంతా చేల్లో ఉంటారు. ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. పొయ్యి వెలిగేది అప్పుడే. అందుకే రోజు మొత్తం మీద వేడివేడిగా తినే తిండి రాత్రి తిండే.

సంగటి చేయడం చూడటానికి సులువు, చేయడానికి కాదు. ముందు గుప్పెడు బియ్యమో, నూకలో నీళ్ళలో మెత్తగా ఉడకాలి. గింజ పలుకు లేకుండా, జావకు దగ్గరగా. అప్పుడు రాగిపిండిని దాని మీద కుప్పగా పోస్తారు. వెంటనే కలపరు. కుప్ప మధ్యలో కట్టెతో గుంత చేసి, మూత పెట్టి, మంట తగ్గిస్తారు. అడుగున ఉడికే నీళ్ళు ఆ గుంతలోంచి పైకి పొంగుతూ, ఆవిరి పిండిలోకి ఎక్కుతుంది. పిండి పచ్చివాసన పోయాక అసలు పని మొదలు. కుండ కదలకుండా పట్టుకుని, సంగటి కట్టెతో బలంగా కెలకాలి. ఉండ కట్టకూడదు. అడుగు అంటకూడదు. మొత్తం ఒకే రంగుకు, ఒకే మెత్తదనానికి వచ్చాక, తడి చేత్తో ముద్దలు కడతారు.

తినే తీరు కూడా వేరు. సంగటిని నమలరు. ముద్దలోంచి చిన్న తునక తుంచి, పులుసులోనో పప్పులోనో అద్ది, మింగుతారు. నమిలితే పళ్ళకు అంటుకుంటుంది. అందుకే సంగటి పక్కన జారుగా ఉండేదో, కారంగా పుల్లగా ఉండేదో తప్పనిసరి. సంగటిలో సాధారణంగా ఉప్పు ఉండదు, ఉన్నా నామమాత్రం. ఉప్పూ కారమూ పులుపూ అన్నీ పక్కన ఉన్నదే మోయాలి. ఈ సీమ కూరల్లో కారం, చింతపండు కాస్త ఎక్కువగా ఉండటానికి ఇది ఒక కారణం.

రాత్రి నాలుగు ముద్దలు ఎక్కువగా చేసేవాళ్ళు. అది పొరపాటున మిగలడం కాదు, కావాలని మిగల్చడం. ఆ ముద్దల్ని నీళ్ళలోనో, పల్చటి మజ్జిగలోనో వేసి ఉంచితే తెల్లారేసరికి కొద్దిగా పులుస్తాయి. పొద్దున వాటిని పిసికి, ఉప్పు వేసి, ఎర్రగడ్డ (ఉల్లిపాయ) కొరుక్కుంటూ తాగి పనికి పోయేవాళ్ళు. అదే సద్ది. అంటే పొద్దున పొయ్యి వెలిగించే పని లేదు. రాత్రి ఒక్క వంటతో రెండు పూటలు గడిచేవి. మళ్ళీ చెప్పుకుందాం. అప్పటి పద్ధతి రాత్రి వండటం, పొద్దున తినడం.

ఈ పద్ధతిని మార్చిన వాటిలో మొదటిది బియ్యం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. పండక్కి మాత్రమే కనిపించే వరి అన్నం పేదింట్లో కూడా రోజూ ఉడకసాగింది. రాగులు పండించి, ఎండబెట్టి, విసిరి, కెలికి తినడం కన్నా చౌక బియ్యం తెచ్చి వార్చుకోవడం తేలిక. పైగా అన్నం తినడం కలిగిన ఇంటి గుర్తు అన్న భావం ముందునుంచీ ఉంది. దాంతో సంగటి కొన్నాళ్ళు వెనక్కి జరిగింది. రాగి చేలూ తగ్గాయి.

రెండోది గ్యాసు పొయ్యి. 1999లో దీపం పథకం వచ్చింది. గ్యాసు కనెక్షన్లు పల్లెల్లోని ఆడవాళ్ళ చేతికి అందాయి. తెల్లవారుజామున కట్టెలు ఎగదోసే పని తప్పింది. పొద్దున్నే వంట చేయడం సాధ్యమైంది. అదే కాలంలో పిల్లలకు బడి క్యారియర్లు, పెద్దలకు ఆఫీసు క్యారియర్లు అవసరమయ్యాయి. దాంతో పెద్ద వంట సాయంత్రం నుంచి పొద్దుటికి మారింది. కుక్కర్లో అన్నం, పప్పు, ఒక తాళింపు కూర తొమ్మిది లోపల అయిపోతాయి. రాత్రికి వాటిలో ఏది మిగిలిందో చూసి, ఏం కొత్తగా చేయాలో నిర్ణయిస్తారు. లెక్క తలకిందులైంది. ఇప్పుడు పొద్దున వండటం, రాత్రి తినడం.

ఇక గొంతు దింపే రెండో భాగం సంగతి. ఇక్కడే చిత్తూరు సీమ ప్రత్యేకత ఉంది.

మొదట చెప్పుకోవలసింది ఊరిబిండి. చెనిక్కాయ విత్తనాలు దోరగా వేయించి, పొట్టు నలిపి, ఊదేస్తారు. మిరపకాయలు విడిగా వేయిస్తారు. వాటికి చింతపండు, ఉప్పు, తెల్లగడ్డ (వెల్లుల్లి) చేర్చి రోట్లో దంచుతారు. చివర్లో పచ్చి ఎర్రగడ్డ వేసి ఒక్క దంపు. మరీ మెత్తగా నూరకూడదు. పంటి కింద పలుకు తగలాలి. నెయ్యి లేకపోయినా పర్వాలేదు, చెనిక్కాయలో సగానికి దగ్గరగా నూనే ఉంటుంది. అందులో నాలుగో వంతు మాంసకృత్తులు. కూరగాయలు లేని రోజున, పప్పు కొనలేని రోజున, సంగటి పక్కన ఊరిబిండి ఉంటే భోజనం పూర్తయినట్టే. ఇప్పుడు రోలు స్థానంలో మిక్సీ వచ్చింది. అయినా తెలిసినవాళ్ళు మిక్సీని ఆపి ఆపి తిప్పుతారు, బరక పోకుండా.

రెండోది పుల్లగూర. వాన పడిన పది పదిహేను రోజులకు చేలగట్ల మీద ఆకులు మొలుస్తాయి. చెంచలాకు, గురుగాకు, దొగ్గలాకు, పొన్నగంటాకు. ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్ళు పెట్టరు. సాయంత్రం ఇంటికి వస్తూ కొంగులో కోసుకుని వస్తారు. ఒక్కో ఆకు విడిగా వండరు. నాలుగైదు కలిపి, పచ్చిమిరపకాయలు, టమోటా, ఎర్రగడ్డ, చింతపండుతో ఉడికించి, నీళ్ళు వేరుగా వంచి, పప్పుగుత్తితో ఎనుపుతారు. వంచిన నీళ్ళు పారబోయరు. ఎనిపాక వాటినే మళ్ళీ పోసి, తెల్లగడ్డ దంచి తిరగవాత పెడతారు. పట్నంలో ఈ ఆకులు రైతుబజారులో కట్టలుగా దొరుకుతాయి. దొరకనప్పుడు తోటకూర, గోంగూరతోనే పుల్లగూర అవుతుంది.

మూడోది బజ్జీ. ఇక్కడ ఇంట్లో బజ్జీ అంటే శనగపిండిలో ముంచి వేయించేది కాదు. వంకాయో, బీరకాయో ఉడికించి, పచ్చిమిరపకాయలూ చింతపండూ చేర్చి ఎనిపిన కూర. నూనె కొద్దిగా చాలు. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరినవాళ్ళకు ఇంతకన్నా అనువైన కూర లేదు.

నాలుగోది ఉలవలు. ఉలవలు నానబెట్టి, ఎక్కువ నీళ్ళు పోసి, బాగా ఉడికిస్తారు. ఉడికిన నీళ్ళను కట్టు అంటారు. ఆ కట్టుకు చింతపండు పులుసు, కారం, తిరగవాత చేరితే చారు. మిగిలిన గింజలకు తాళింపు పెడితే గుగ్గిళ్ళు. ఒకసారి ఉడికిస్తే రెండు వంటకాలు. ఎద్దులు ఉన్న రోజుల్లో కట్టు మనుషులకు, గింజలు ఎద్దులకు పోయేవి. ఇప్పుడు రెండూ మనుషులకే.

ఇక పప్పు. ఇది అన్ని ఇళ్ళదీ, అన్ని రోజులదీ. కందిపప్పు, టమోటా, పచ్చిమిరపకాయలు కలిపి కుక్కర్లో పెట్టి, ఎనిపి, తిరగవాత వేస్తే చాలు. ఇక్కడ టమోటా లేని వంట తక్కువ. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశంలోనే పెద్ద మార్కెట్లలో ఒకటి. కాయ విరగపండిన వారం ప్రతి రాత్రీ టమోటా పప్పు, టమోటా ఊరిబిండి, టమోటా చారు. ధర ఆకాశానికి ఎక్కిన వారం చింతపండే దిక్కు. 2023 జూలైలో టమోటా ధర సామాన్యులకు అందకుండా పోయినప్పుడు ఈ ప్రాంతపు వంటిళ్ళు చేసింది అదే. చింతపండుకు, మామిడి ఒరుగులకు తిరిగి వెళ్ళాయి.

కాలాన్ని బట్టి కూడా రాత్రి వంట మారుతుంది. అన్నిటికన్నా గొప్ప కాలం చలికాలం, అంటే అనపకాయల కాలం. కార్తీకం దాటాక అనపకాయలు మార్కెట్టుకు వస్తాయి. మొదట గింజలతో చారు. గింజ ముదిరాక పితికిపప్పు. గింజల్ని కొన్ని గంటలు నానబెట్టి, ఒక్కొక్కటే రెండు వేళ్ళ మధ్య పితికితే, తొక్క చేతిలో ఉండి పప్పు గిన్నెలోకి జారుతుంది. ఇది ఒక్కరు చేసే పని కాదు. సాయంత్రం టీవీ ముందు ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని పితుకుతారు. ఆ పప్పును ధనియాలు, కొబ్బరి, మసాలా నూరి వేసి పులుసుగా చేస్తారు. సంగటికీ సరిపోతుంది, దోసెకూ సరిపోతుంది. మాంసం తినని రోజున మాంసం కూర లోటు తీర్చేది ఇదే. ఎండాకాలం వస్తే పచ్చిమామిడి పప్పు, మామిడికాయ పులుసు, చివర్లో మజ్జిగ. వానాకాలం ఆకుకూరలది. అక్టోబరు దాటితే కొత్త చెనిక్కాయలది. పచ్చికాయలు ఉప్పు వేసి ఉడకబెట్టుకుని సాయంత్రం తింటే, రాత్రికి పెద్దగా ఆకలి కూడా ఉండదు.

ఈ సీమ మూడు రాష్ట్రాల కూడలి. అందుకే పది ఊళ్ళు దాటితే రాత్రి కంచం మారుతుంది. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు తమిళ వాసన. అక్కడ పులుసును కొళంబు అంటారు. సాంబారు, మిరియాల రసం, రాత్రి ఇడ్లీ ఎక్కువ. కుప్పం, పలమనేరు వైపు కన్నడ వాసన. అక్కడ సంగటి ఇంకా గట్టి ముద్దగా ఉంటుంది, బియ్యం పాలు తక్కువ. గూడూరు, సూళ్ళూరుపేట 2022లో తిరుపతి జిల్లాలో చేరాయి గానీ, వాటి రుచి నెల్లూరుది. పులికాట్ సరస్సు పక్కన చేపల పులుసు వారం మధ్యలో కూడా మామూలు వంటే. పొద్దున చేసిన చేపల పులుసు రాత్రికి ఇంకా రుచిగా ఉంటుంది కాబట్టి, పొద్దున వండి రాత్రి తినే కొత్త లెక్క ఆ ఇళ్ళకు పాత అలవాటే.

వారాలకూ ఒక నియమం ఉంది. ఆదివారం కోడి, మాంసం. ఆ మిగులు సోమవారానికి రాదు, చాలా ఇళ్ళలో సోమవారం శివుడి వారం, శ్రీకాళహస్తి దగ్గరే ఉంది. శనివారం వేంకటేశ్వరుడి వారం. ఆ రోజు నీచు ముట్టని ఇళ్ళు లెక్కలేనన్ని. ఒకపొద్దు ఉండేవాళ్ళు పగలు ఒక్కసారి అన్నం తిని, రాత్రికి ఫలహారం చేస్తారు. రవ్వ ఉప్మా, దోసె, చపాతీ లాంటివి. సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా వచ్చే తమిళ పెరటాసి నెల అయితే, నెలంతా మాంసం మానేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ నెలలో అలసందల పులుసుకూ వంకాయకూ గిరాకీ పెరుగుతుంది. మంగళ, బుధ, గురువారాల్లో ఎవరి నియమం వాళ్ళది. నియమం లేనివాళ్ళకు వారం మధ్యలో తొందరగా అయ్యేది గుడ్ల పులుసు.

తిరుపతి పట్నానికి వస్తే మరో సంగతి. ఇది రాత్రి నిద్రపోని ఊరు. రైళ్ళు, బస్సులు, యాత్రికులు ఇరవై నాలుగు గంటలూ వస్తూనే ఉంటారు. దేవస్థానం, ఆర్టీసీ, ఆస్పత్రులు, హోటళ్ళు షిఫ్టుల మీద నడుస్తాయి. ఇంట్లో నలుగురు ఉంటే నలుగురూ నాలుగు వేళల్లో తింటారు. అన్నం చల్లారిపోతుంది. దోసె మాత్రం ఎవరు వస్తే వారికి అప్పటికప్పుడు పోయవచ్చు. పట్నంలో రాత్రి టిఫిను బలపడటానికి ఇది ముఖ్య కారణం. ఫ్రిజ్జులో పిండి గిన్నె ఉంటే మూడు రోజులు ధైర్యం. మొదటి రోజు ఇడ్లీ. రెండో రోజు దోసె. మూడో రోజు పిండి పులిస్తే, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు తరిగి వేసి ఊతప్పమో, పొంగణాలో. పక్కన చెనిక్కాయల చట్నీ. అంటే ఊరిబిండి చెనిక్కాయే మరో వేషంలో టిఫిను దగ్గరికీ వచ్చింది. పిండి రుబ్బే తీరిక లేనివాళ్ళకు వీధి చివర గ్రైండరు పెట్టి తడిపిండి అమ్మే దుకాణాలు ఉన్నాయి. అదీ వద్దనుకునే విద్యార్థులకు, ఒంటరి ఉద్యోగులకు బండి మీద ఎర్రకారం పూసిన దోసె ఉంది.

కొండ మీద కూడా రాత్రి భోజనం ఉంది. తిరుమలలో నిత్యాన్నదానం 1985లో మొదలైంది. ఇప్పుడు అది తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిన భవనంలో నడుస్తోంది. అక్కడ వడ్డించే వరస అన్నం, కూర, సాంబారు, రసం, మజ్జిగ. ఇంట్లో రాత్రి వంట ఆ వరసకు చిన్న రూపమే. సాంబారు, రసాల్లో ఒకటి తగ్గుతుంది. మజ్జిగ మాత్రం తగ్గదు. ఈ సీమ పాడికి పేరు పడింది. చెనిక్కాయ పంట పోయిన ఏడాది కూడా ఎన్నో రైతు ఇళ్ళను ఆదుకున్నది ఆవు పాలే. అందుకే ఎంత చిన్న భోజనమైనా చివరి ముద్ద పెరుగుతోనో, మజ్జిగతోనో ముగుస్తుంది.

చివరిగా సంగటి తిరిగి రావడం గురించి. నలభై ఏళ్ళ కింద పేదవాడి తిండిగా వెనక్కి పోయిన రాగి, ఇప్పుడు డాక్టరు చెప్పిన తిండిగా ముందుకు వచ్చింది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో అది 10 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు పిల్లలకు రాగి జావ ఇవ్వడం మొదలైంది. తిరుపతి దగ్గరి పెరుమాళ్ళపల్లె వ్యవసాయ పరిశోధన స్థానం కొత్త రాగి రకాలను రైతులకు అందించింది. హోటళ్ళు కూడా సంగటి, నాటుకోడి పులుసు అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసుకుంటున్నాయి.

ఇంట్లో మాత్రం సంగటి కొత్త రూపంలో వచ్చింది. కట్టెతో కెలికే ఓపిక లేనివాళ్ళు కుక్కర్లో చేస్తున్నారు. బియ్యం మెత్తగా ఉడికించి, నీళ్ళలో జారుగా కలిపిన రాగిపిండి పోసి, గరిటెతో తిప్పి, సన్న మంట మీద మగ్గనిస్తారు. పది నిమిషాల్లో అయిపోతుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు రాత్రి అన్నం మాని సంగటి తింటున్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రాగి కూడా పిండి పదార్థమే. ముద్ద మీద ముద్ద తింటే అన్నం తిన్నంత పనీ చేస్తుంది. సంగటి మేలు చేసేది ముద్ద చిన్నదై, పక్కన పప్పో, ఆకుకూరో, ఉలవచారో ఎక్కువగా ఉన్నప్పుడే. పాత రోజుల్లో నాలుగు ముద్దలు తిన్న మనిషి పగలంతా నాగలి పట్టాడు. రోజంతా కుర్చీలో కూర్చున్న మనిషికి ఒక ముద్ద చాలు.

మొత్తం మీద చిత్తూరు సీమ రాత్రి వంటకు మూలసూత్రాలు మూడు. కడుపు నింపేది ఒకటి, గొంతు దింపేది ఒకటి. ఆ రెండోది చేలలో పండిన దాన్ని బట్టి, కాలాన్ని బట్టి, వారాన్ని బట్టి మారుతుంది. ఏ పూట వండాలన్నది మాత్రం ఇంటి పనివేళల్ని బట్టి మారుతుంది. చేల పని ఉన్నప్పుడు రాత్రి వండి పొద్దున తిన్నారు. బడి, ఆఫీసు వచ్చాక పొద్దున వండి రాత్రి తింటున్నారు. సంగటి, చెనిక్కాయ, చింతపండు, మజ్జిగ మాత్రం అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.